ఆలోచనా శక్తికి పెట్టే పరీక్ష: టీఎస్‌ఏ, టారా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పదిహేనేళ్లు ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్పాను. కొన్నేళ్ల కిందట మా అక్క కొడుకు ఒక రాత్రి ఫోన్ చేసి "పిన్నీ, ఆక్స్‌ఫర్డ్‌కి అప్లై చేద్దామనుకుంటున్నా, వాళ్లేదో పరీక్ష పెడతారంట, దానికి సిలబస్సే లేదంట, ఎలా చదవాలి?" అన్నాడు. సిలబస్ లేని పరీక్ష అన్నమాటే నాకు వింతగా తోచింది. వాడితో పాటు నేనూ కూర్చుని పాత పేపర్లన్నీ చేశాను. ఆ తర్వాత తెలిసినవాళ్ల పిల్లలు, వాళ్ల స్నేహితులు ఒక్కొక్కరే వచ్చి అడగడం మొదలుపెట్టారు. అందరూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు ఏమిటీ పరీక్ష?

టీఎస్‌ఏ అంటే థింకింగ్ స్కిల్స్ అసెస్‌మెంట్. ఇంగ్లండ్‌లో కొన్ని యూనివర్సిటీలు డిగ్రీలో చేర్చుకునే ముందు పెడుతూ వచ్చిన పరీక్ష. ఆక్స్‌ఫర్డ్ దీని పాత పేపర్లు 2008 నుంచి బయటపెట్టింది, కేంబ్రిడ్జ్ కూడా కొన్ని కోర్సులకి చాలాకాలం వాడింది. పిల్లలకి ఏం తెలుసో వీళ్లు చూడరు. ఒక పేరా చేతికిస్తే అందులో ఉన్నది ఉన్నట్టు చదవగలరా, చెప్పని మాటని చెప్పినట్టు అనుకోకుండా ఉండగలరా, కొత్త లెక్క ఎదురైతే సూత్రం గుర్తుకు తెచ్చుకోకుండానే దారి వెతుక్కోగలరా అన్నదే చూస్తారు.

చాలా ఏళ్లపాటు నడిచిన రూపం ఇది. మొదటి భాగంలో 90 నిమిషాలకి 50 బహుళైచ్ఛిక ప్రశ్నలు. సగం క్రిటికల్ థింకింగ్ (వాదనల్ని పరిశీలించడం), సగం ప్రాబ్లమ్ సాల్వింగ్ (లెక్కల తరహా చిక్కులు), రెండూ కలగలిసి వస్తాయి. రెండో భాగంలో 30 నిమిషాల్లో ఒక వ్యాసం. క్యాలిక్యులేటర్ ఉండదు, డిక్షనరీ ఉండదు. తప్పు సమాధానానికి మార్కు కొయ్యరు. 2023లో కాగితం నుంచి కంప్యూటర్‌కి మారింది.

మరి టారా ఏమిటి? రెండూ రాయాలా?

టారా అంటే టెస్ట్ ఆఫ్ అకడమిక్ రీజనింగ్ ఫర్ అడ్మిషన్స్, 2025లో మొదలైన పరీక్ష. కేంబ్రిడ్జ్, లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీ కలిసి పెట్టుకున్న యూఏటీ-యూకే అనే సంస్థ నడుపుతుంది. యూసీఎల్ (యూనివర్సిటీ కాలేజ్ లండన్), కంప్యూటర్ సైన్స్ లాంటి కొన్ని కోర్సులకి దీన్ని అడగడం మొదలుపెట్టింది. మూడు భాగాలు, ఒక్కోటి 40 నిమిషాలు. క్రిటికల్ థింకింగ్‌లో 22 ప్రశ్నలు, ప్రాబ్లమ్ సాల్వింగ్‌లో 22 ప్రశ్నలు, ఆఖర్న వ్యాసం. ప్రశ్నకి ఎంత టైమ్ దొరుకుతుందో లెక్క కట్టి చూడండి, టీఎస్‌ఏలో 108 సెకన్లు, ఇందులో 109. ప్రశ్నల తరహా కూడా అదే కుటుంబం. కాబట్టి టీఎస్‌ఏ పాత పేపర్లు చేసిన పిల్లలకి టారా కొత్తగా ఉండదు.

ఏ కోర్సుకి ఏ పరీక్ష అన్నది ఏటా మారుతూ వస్తోంది. అన్నయ్య రాసిన పరీక్షే తమ్ముడికీ ఉంటుందని అనుకోవద్దు. నెట్‌లో ఎవరో రాసినది (నేను రాసినది కూడా) నమ్మి ఊరుకోకుండా, మీరు చేరాలనుకున్న ఏడాదికి ఆ కోర్సు పేజీలోకి వెళ్లి చూడండి. ఐదు నిమిషాల పని.

ఏయే కోర్సుల వాళ్లకి ఇది?

ఆక్స్‌ఫర్డ్ దీన్ని అడుగుతూ వచ్చినవి ఎక్కువగా ఫిలాసఫీ-పాలిటిక్స్-ఎకనామిక్స్ (పీపీఈ అంటారు), ఎకనామిక్స్ అండ్ మేనేజ్‌మెంట్, ఎక్స్‌పెరిమెంటల్ సైకాలజీ, హ్యూమన్ సైన్సెస్ లాంటివి. గమనిస్తే వీటిలో చాలావరకు స్కూల్లో ఎవరూ నేర్పని సబ్జెక్టులు. ఇంటర్‌లో ఫిలాసఫీ చదివి వచ్చేవాళ్లు ఎంతమంది? అందుకే చదివినదాన్ని కాకుండా చదవగలిగే తీరుని పరీక్షిస్తారు.

సిలబస్ లేకపోతే ఏం చదవాలి?

ఈ ప్రశ్న అడగని పిల్లలు లేరు. పుస్తకంలో నుంచి చదవాల్సింది ఏమీ లేదు, చేసి చూడాల్సిందే. అయితే సిలబస్ లేదన్నంత మాత్రాన ఏది పడితే అది అడుగుతారని కాదు, ప్రశ్నల రకాలు లెక్కబెట్టినట్టే ఉంటాయి. క్రిటికల్ థింకింగ్‌లో ఏడు రకాలు: రాసినవాళ్లు చివరికి ఏం తేల్చారో పట్టుకోవడం, ఇచ్చినదాన్నిబట్టి ఏం తేల్చవచ్చో చెప్పడం, పైకి చెప్పకుండా ఏం అనుకున్నారో గుర్తించడం, కొత్త సంగతి ఒకటి తెలిస్తే వాదన బలపడుతుందా బలహీనపడుతుందా చూడటం, వాదనలో లోపం పట్టుకోవడం, అదే అల్లికతో ఉన్న ఇంకో వాదనని గుర్తుపట్టడం, ఒక నియమాన్ని వేరే సందర్భానికి వర్తింపజేయడం. ప్రాబ్లమ్ సాల్వింగ్‌లో మూడు: కుప్పలో నుంచి అవసరమైన అంకెలు మాత్రం ఏరుకోవడం, దారి కనిపెట్టడం, పోలిక గుర్తించడం.

ఒక్క ప్రశ్న విప్పి చూపిస్తారా?

చూపిస్తాను. ఇది నేను తయారుచేసుకున్నది, పిల్లలు వచ్చినప్పుడు మొదట ఇదే ఇస్తాను.

"మా కాలనీ కూడలిలో ఆర్నెల్ల కిందట సిగ్నల్ పెట్టారు. ఈ ఆర్నెల్లలో అక్కడ ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. ఊళ్లో అన్ని కూడళ్లలోనూ సిగ్నళ్లు పెడితే ప్రమాదాలు తగ్గుతాయి." ఈ వాదన పైకి చెప్పకుండా దేన్ని నిజమనుకుంది?

ఎ) సిగ్నల్ లేని కూడలిలో ప్రమాదం తప్పదు.
బి) బండి నడిపే ప్రతి ఒక్కరూ సిగ్నల్ పాటిస్తారు.
సి) సిగ్నల్ పెట్టకముందు ఆ కూడలిలో ప్రమాదాలు జరిగేవి.
డి) సిగ్నళ్లు పెట్టే ఖర్చు మున్సిపాలిటీ భరించగలదు.

మన పిల్లల్లో ఎక్కువమంది డి పెడతారు. ఎందుకని అడిగితే "డబ్బు లేకపోతే ఎలా పెడతారు ఆంటీ?" అంటారు. ఆ మాట నిజమే, కానీ వాదన "పెట్టాలి" అనలేదు, "పెడితే తగ్గుతాయి" అంది. పెట్టగలమా లేదా అన్నది ఇక్కడ చర్చలోనే లేదు. ఎ, బి రెండూ అవసరానికి మించిన మాటలు. "ప్రతి ఒక్కరూ" పాటించక్కర్లేదు, పదిమందిలో ఎనిమిదిమంది పాటించినా వాదన నిలబడుతుంది. సి ని తిరగేసి చూడండి: సిగ్నల్ రాకముందు కూడా అక్కడ ప్రమాదాలు జరిగేవి కావు అనుకుందాం. అప్పుడు ఆర్నెల్లు ప్రమాదం లేకపోవడంలో సిగ్నల్ గొప్పేముంది? వాదన కూలిపోతుంది. తిరగేస్తే ఏది వాదనని కూలుస్తుందో అదే సమాధానం.

ఇలా తిరగేసి చూడటం ఈ రకం ప్రశ్నలకి చాలా నమ్మకమైన పద్ధతి. వారం రోజులు రోజుకి నాలుగు ప్రశ్నలకి ఇలా చేస్తే చాలు, అలవాటైపోతుంది.

ఇంకో చిట్కా మన భాషలోనే ఉంది. పేరాలో వాళ్లు తేల్చిన మాట ఏదో తెలియకపోతే ఒక్కో వాక్యం ముందు "కాబట్టి" పెట్టి చదవండి. మిగతావన్నీ దానికి "ఎందుకంటే"లుగా సరిపోతే అదే వాళ్లు తేల్చిన మాట. మనం మాట్లాడేటప్పుడు కారణాలన్నీ చెప్పి చివర్లో అసలు మాటకి వస్తాం కాబట్టి మన పిల్లలు ఆఖరి వాక్యాన్నే గుడ్డిగా పట్టుకుంటారు. ఈ పేపర్లలో అది మొదటి వాక్యమైనా కావచ్చు, సరిగ్గా మధ్యలో ఇరుక్కుని ఉన్నా ఉండొచ్చు.

లెక్కల్లో మా అమ్మాయికి నూటికి నూరు. ప్రాబ్లమ్ సాల్వింగ్ గురించి బెంగ అక్కర్లేదు కదా?

కావాల్సిన గణితం పదో తరగతి కంటే తక్కువే. కూడికలు, శాతాలు, నిష్పత్తులు, పట్టికలు చదవడం. అయినా నూటికి నూరు వచ్చే పిల్లలు ఇక్కడ తడబడటం నేను చాలాసార్లు చూశాను.

ఈ లెక్క చూడండి. ఒక ఎగ్జిబిషన్‌కి పెద్దవాళ్ల టికెట్ 50 రూపాయలు, పిల్లలకి 30. ఫ్యామిలీ పాస్ 150, దాంతో ఇద్దరు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లల దాకా వెళ్లొచ్చు. ముగ్గురు పెద్దవాళ్లు, ఐదుగురు పిల్లలు వెళ్లాలి. తక్కువలో తక్కువ ఎంతవుతుంది?

మా అక్క కొడుకు విడివిడిగా లెక్కేశాడు, 300. రెండు పాసులు తీసుకుని చూశాడు, మళ్లీ 300. "పిన్నీ, రెండు దారుల్లోనూ మూడొందలే, అంటే కరెక్టే" అన్నాడు. రెండుసార్లు ఒకే అంకె వచ్చేసరికి వాడికి ధైర్యం వచ్చేసింది. ఒక పాస్ తీసుకుని (150), మిగిలిన ఒక పెద్దమనిషికి, ఇద్దరు పిల్లలకి విడిగా టికెట్లు కొంటే (50, 60) మొత్తం 260. ఇందులో కష్టమైన లెక్క ఎక్కడా లేదు. ఒక సూత్రం వేసి జవాబు రాబట్టే అలవాటు ఉన్నవాళ్లు రెండింటినీ కలపొచ్చన్న సంగతి చూడరు, అంతే. ప్రశ్న తయారుచేసేవాళ్లకి ఆ సంగతి తెలుసు, 300 తప్పకుండా ఆప్షన్లలో ఉంటుంది.

ఎంసెట్, జేఈఈలకి చదువుతున్నాడు. ఆ స్పీడు ఇక్కడ పనికొస్తుందా?

కొంత పనికొస్తుంది, కొంత అడ్డమొస్తుంది. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అయింది, ఇంట్లో అందరం ఎంసెట్ అనే అంటాం) 3 గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి 70 సెకన్లు కూడా లేవు. ఆ వేగానికి అలవాటుపడ్డవాళ్లకి 108 సెకన్లంటే బోలెడు టైమ్ అనిపిస్తుంది. తీరా కూర్చుంటే పేరా ఒకసారి చదవడానికే 40 సెకన్లు పోతాయి, ఐదు ఆప్షన్లు ఒకదానికొకటి అన్నదమ్ముల్లా ఉంటాయి, అక్కడ టెన్షన్ మొదలవుతుంది.

జేఈఈ నుంచి వచ్చే ఇంకో అలవాటు, తెలియనిది వదిలెయ్యడం. అక్కడ తప్పుకి మార్కు పోతుంది కాబట్టి అది తెలివైన పనే. ఇక్కడ మైనస్ లేదు. ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. మొదటి మాక్ పరీక్షలో ఏడెనిమిది ఖాళీలు వదిలేసి వచ్చిన పిల్లలు నా దగ్గరే ఉన్నారు, చెప్పినా చెయ్యి రాదు వాళ్లకి. రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పెట్టి, గుర్తు పెట్టుకుని ముందుకెళ్లడం ఇంట్లోనే ప్రాక్టీస్ చెయ్యాలి.

పట్టుదల, గంటల తరబడి కూర్చోగలగడం, మాక్ పరీక్షలంటే భయం లేకపోవడం, ఇవన్నీ మన పిల్లలకి ఉన్న నిజమైన బలం. అది తక్కువేం కాదు.

మాది తెలుగు మీడియం. ఇంగ్లిష్ అడ్డమవుతుందా?

పదో తరగతి దాకా తెలుగు మీడియం చదివిన అమ్మాయిని ఒకర్ని దగ్గరుండి తయారుచేశాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పేరాల్లో మరీ కఠినమైన మాటలు ఉండవు. ఇబ్బందంతా చిన్న మాటల దగ్గరే. కొన్ని, చాలా, అన్ని, మాత్రమే, తప్ప, అయితే తప్ప, ఉండొచ్చు, ఉండాలి: వీటి ఇంగ్లిష్ రూపాల మధ్య తేడా మీదే సగం ప్రశ్నలు నడుస్తాయి. ఆ అమ్మాయి రోజూ ఇంగ్లిష్ పేపర్లో సంపాదకీయం ఒకటి చదివి, వాళ్ల నాన్నగారికి తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పేది: రాసినాయన ఏం తేల్చాడు, దానికి ఏ కారణం చూపించాడు. ఆయనకి ఇంగ్లిష్ రాదు. "మరి అలా ఎందుకు అనుకోవాలమ్మా?" అని అడిగేవారు. అంతకంటే మంచి కోచింగ్ నాకు తెలియదు. మూడు నెలలకి ఆ అమ్మాయి చదివే తీరే మారిపోయింది.

వ్యాసం ఎలా రాయాలి? ఎవరు దిద్దుతారు?

టీఎస్‌ఏలో వ్యాసానికి మార్కుల స్కోరు వచ్చేది కాదు, దాన్ని నేరుగా మీరు అప్లై చేసిన కాలేజీకి పంపేవారు, అక్కడి ట్యూటర్లు చదువుకునేవారు. ఇచ్చిన అంశాల్లో ఒకటి ఎంచుకోవాలి. ఓటు వెయ్యడం తప్పనిసరి చెయ్యొచ్చా, ఆనందాన్ని కొలవగలమా, ఇలాంటి తరహా ఉంటుంది. మన పిల్లలు చేసే మొదటి పొరపాటు, స్కూల్ వ్యాసంలా "ఉపోద్ఘాతం, లాభాలు, నష్టాలు, ముగింపు" అని రాసెయ్యడం. ఎక్కడా తమ మాట ఉండదు. మొదటి ఐదు నిమిషాలు పెన్ను పక్కన పెట్టి, ప్రశ్నలో ఏ మాటకి రెండు అర్థాలున్నాయో వెతకండి. తప్పనిసరి అంటే ఏమిటి, జరిమానా వెయ్యడమా, హక్కు తీసెయ్యడమా? ఓటు వెయ్యడమంటే బూత్‌కి వెళ్లడమా, ఎవరో ఒకర్ని ఎంచుకోవడమా? నోటా ఉన్న మన దేశంలో ఈ తేడా మన పిల్లలకి వేరేవాళ్ల కంటే బాగా తెలుసు, ఆ ఉదాహరణ ధైర్యంగా వాడుకోవచ్చు. తర్వాత మీ వైపు ఏదో చెప్పి, దానికి ఎదుటివాళ్లు వెయ్యగల బలమైన ప్రశ్న మీరే వేసుకుని జవాబు చెప్పండి. రెండు పేజీలు చాలు.

ఎంత స్కోరు వస్తే సీటు వస్తుంది?

ఇంత వస్తే సీటు ఖాయం అన్న అంకె లేదు. టీఎస్‌ఏలో ఎన్ని సరైనవి అన్నదాన్ని పేపర్ కష్టాన్నిబట్టి 100 లోపు ఒక స్కేలుకి మార్చేవారు. మామూలుగా 60 దగ్గర ఎక్కువమంది ఉంటారు, 70 దాటేవాళ్లు కొద్దిమందే. స్కూల్లో 95కి తగ్గని పిల్లలకి 61 చూసేసరికి ఏడుపొస్తుంది. అమ్మానాన్నలూ, దయచేసి ఆ అంకెని టెన్త్ మార్కులతో పోల్చి పిల్లల్ని ఏమీ అనకండి. టారాలో స్కేలు వేరు, 1 నుంచి 9 దాకా ఉంటుంది. ఏదైనా సరే, ఈ స్కోరుని స్కూలు మార్కులు, మీరు రాసుకున్న స్టేట్‌మెంట్, టీచర్ ఇచ్చిన రిఫరెన్స్‌తో కలిపి చూస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆ తర్వాత ఇంటర్వ్యూ ఉంటుంది. 2020 నుంచి అది ఆన్‌లైన్‌లోనే జరుగుతోంది కాబట్టి దానికోసం విమానం ఎక్కక్కర్లేదు.

కోచింగ్ తీసుకోవాలా? లక్షల్లో చెప్తున్నారు.

అక్కర్లేదు. ఇది నేను గట్టిగానే చెప్తాను. టీఎస్‌ఏ పాత పేపర్లు, జవాబులతో సహా, ఆక్స్‌ఫర్డ్ ఉచితంగా పెట్టింది. టారాకి యూఏటీ-యూకే వాళ్లే ప్రాక్టీస్ మెటీరియల్ ఇస్తారు. అవీ అయిపోతే కేంబ్రిడ్జ్ ఇంటర్నేషనల్ వాళ్ల ఏ-లెవెల్‌లో (మన ఇంటర్ లాంటిది) థింకింగ్ స్కిల్స్ అనే సబ్జెక్టే ఉంది, కోడ్ 9694, దాని పాత పేపర్లూ ఇదే దారిలో ఉంటాయి. ఇన్ని వందల ప్రశ్నలు ఊరికే దొరుకుతుంటే ఇల్లు తాకట్టు పెట్టి కట్టే ఫీజు దేనికి? నాకు తెలిసిన ఒక కుటుంబం ఒక సంస్థకి లక్షన్నర కట్టింది. వాళ్లిచ్చిన బైండింగ్ పుస్తకం తెరిచి చూస్తే అవే పాత పేపర్లు, పైన వాళ్ల లోగో. ఆ అబ్బాయి తండ్రి మొహం నాకింకా గుర్తుంది.

ఎప్పట్నుంచి మొదలుపెట్టాలి?

మూడు నెలలు చాలు, రోజుకి ముప్పావుగంట. మొదటి నెల గడియారం పెట్టొద్దు. ఒక్కో రకం ప్రశ్న తీసుకుని నిదానంగా చెయ్యండి. రెండో నెల సగం పేపర్లు, మూడో నెల వారానికి రెండు పూర్తి పేపర్లు, కంప్యూటర్ మీద.

అసలు ఫలితం ఇచ్చేది తప్పుల నోట్‌బుక్. తప్పు పోయిన ప్రతి ప్రశ్నకీ రెండు వాక్యాలు రాయాలి: నేను పెట్టిన జవాబు నాకెందుకు నచ్చింది, అది ఎక్కడ తప్పు. "కేర్‌లెస్ మిస్టేక్" అని రాస్తే నేను ఒప్పుకోను. మా వాడి నోట్‌బుక్‌లో ఇరవై ఎంట్రీలు అయ్యాక చూస్తే పదకొండు ఒకటే రకం, పేరాలో లేని సంగతిని తనకి తెలిసినదానితో పూరించుకోవడం. ఆ ఒక్కటి తెలిశాక మార్కులు వాటంతటవే పెరిగాయి.

ఎల్‌న్యాట్, యూక్యాట్, క్లాట్ కూడా ఇవేనా?

దగ్గర చుట్టాలు. ఎల్‌న్యాట్ ఇంగ్లండ్‌లో లా చదవడానికి, 95 నిమిషాల్లో 42 ప్రశ్నలు, ఆ తర్వాత 40 నిమిషాల వ్యాసం. యూక్యాట్ వైద్యానికి, అందులో 2025 నుంచి బొమ్మల వరసలు గుర్తుపట్టే భాగం తీసేశారు. మన హైదరాబాద్ నల్సార్‌కి, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకి దారి క్లాట్, 2 గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు పోతుంది. క్లాట్‌లోనూ పేరా ఇచ్చే అడుగుతారు కాబట్టి దానికి చదివే పిల్లలు టీఎస్‌ఏ పేపర్లు చేస్తే లాభమే.

రిజిస్ట్రేషన్‌లో దేని గురించి జాగ్రత్త పడాలి?

మూడు సంగతులు. ఒకటి, పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, యూకాస్ (అక్కడి యూనివర్సిటీలకి అందరూ అప్లై చేసే ఉమ్మడి వ్యవస్థ) అప్లికేషన్ పెట్టినంత మాత్రాన పరీక్ష బుక్ అవ్వదు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకి యూకాస్ ఆఖరి తేదీ అక్టోబర్ 15. పరీక్ష బుకింగ్ అంతకంటే ముందే మూసేస్తారు, కాబట్టి ఆగస్టులోనే తేదీలు చూసి పెట్టుకోండి. టారా ఏడాదికి ఒక్కసారే రాయనిస్తారు, ఊరికే ఎలా ఉంటుందో చూద్దామని వెళ్లొద్దు.

రెండు, అర్హత. మన ఇంటర్ బోర్డు మార్కుల్ని మీ యూనివర్సిటీ ఎలా చూస్తుందో, సీబీఎస్ఈకి ఎంత అడుగుతుందో, ఇంకేమైనా పరీక్షలు కావాలంటుందో ముందే చదువుకోండి. ఏడాదంతా కష్టపడ్డాక అర్హతే లేదని తెలిస్తే తట్టుకోవడం కష్టం.

మూడు, పేరు. ఇది మన తెలుగువాళ్ల ప్రత్యేక సమస్య. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా విడదీసి సర్‌నేమ్ గడిలో ఉంటుంది. కొందరికి సర్‌నేమ్ గడి ఖాళీగానే ఉంటుంది. పరీక్ష సెంటర్లో మీ గుర్తింపు పత్రం మీద ఉన్న పేరు, బుకింగ్‌లో ఉన్న పేరు ఒకటి కాకపోతే లోపలికి పంపకపోవచ్చు. మా అక్క కొడుకు మెమో చూసి పేరు నింపేశాడు. పరీక్ష ఇంకా పదిరోజులుందనగా రాత్రి పూట పాస్‌పోర్ట్ పక్కన పెట్టి చూస్తే తేడా కనిపించింది. మెయిల్ పెట్టి, జవాబు రాక, మళ్లీ పెట్టి, నాలుగో రోజుకి సరిచేయించాం. ఆ నాలుగు రోజులూ వాడు ఒక్క ప్రశ్న కూడా చెయ్యలేకపోయాడు. ఫారం నింపేటప్పుడు పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి నింపండి. నింపాక ఇంట్లో ఇంకొకరికి ఇచ్చి చదివించండి.